వలస ఇంజినీరు, చట్టసభ, రెండుసార్లు ఆలస్యమైన మనం

ధర్మసాగర్ నుంచి కాజీపేటకు బస్సులో గంట కూడా పట్టదు. కాజీపేట దాటి హన్మకొండ వైపు పోతుంటే రోడ్డు పక్కనే ఒక పెద్ద గేటు వస్తుంది. 2002 నుంచి దాని పేరు ఎన్.ఐ.టి. మా పెద్దోళ్ల నోట్లో అది ఇంకా ఆర్.ఇ.సి.నే. 1959 అక్టోబరులో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ కాలేజి, దేశంలోని ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలల్లో మొదటిది. అక్కడ మెకానికల్ ఇంజినీరింగ్ చదివిన పద్మ కుప్ప 2018 నవంబరులో అమెరికాలోని మిషిగన్ రాష్ట్ర ప్రతినిధుల సభకు ఎన్నికయ్యారు. ఐ.టి., ఆటోమొబైల్, ఫైనాన్స్ రంగాల్లో ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి, పరాయి దేశపు చట్టసభలో కూర్చున్నారు. వరంగల్‌లో చదివిన మనిషి అంత దూరం పోయిందంటే ఎవరికైనా సంతోషమే.

కానీ మేం అడగదలుచుకున్న ప్రశ్న వేరే ఉంది. ఆ గేటుకు అమెరికా ఎంత దూరమో, ఆ గేటుకు ధర్మసాగర్ మాదిగవాడ ఎంత దూరం? ఒక వలస ఇంజినీరు చట్టసభకు అభ్యర్థి కావడానికి ఏమేం కావాలి? అవి ఎవరి చేతికి ఎప్పుడు అందాయి? ఇందులో మేం ఏ ఒక్కరి కులమూ తవ్వడం లేదు. మేం చూస్తున్నది మనుషుల్ని కాదు, దారిని.

పౌరసత్వం తలుపు దగ్గర కులం

అమెరికాలో రాష్ట్ర చట్టసభకు నిలబడాలంటే ముందు ఆ దేశపు పౌరుడు కావాలి. మనవాళ్లకు ఆ తలుపు చాలాకాలం మూసే ఉంది. 1923లో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ కేసును అమెరికా సుప్రీంకోర్టు విచారించింది. అప్పటి చట్టం తెల్లవాళ్లకూ ఆఫ్రికా మూలాలవాళ్లకూ మాత్రమే పౌరసత్వం ఇచ్చేది. థింద్ తరఫున వినిపించిన వాదనను మనం జాగ్రత్తగా గుర్తుపెట్టుకోవాలి. ఆయన ఉన్నత కులానికి చెందిన హిందువు, ఆర్య రక్తం కలవాడు, కాబట్టి తెల్లవాడితో సమానం అన్నారు. కోర్టు ఒప్పుకోలేదు. ఆయన ఓడిపోయిన సంగతి అందరికీ తెలుసు. గెలవడానికి ఏ ఆయుధం ఎత్తుకున్నారో మాత్రం తక్కువ మంది చెప్తారు. జాతి వివక్ష ఎదురైనచోట మన దేశస్తుడు ముందుకు తెచ్చింది సమానత్వాన్ని కాదు, కులాన్ని.

1946 చట్టంతో ఆ తలుపు కొంచెం తెరుచుకుంది. 1920లో కాలిఫోర్నియాకు చదువుకోవడానికి వెళ్లిన దలీప్ సింగ్ సౌంద్ 1949లో పౌరుడై, 1956లో అమెరికా కాంగ్రెసుకే ఎన్నికయ్యాడు. అసలు మార్పు 1965 వలస చట్టంతో వచ్చింది. జాతుల కోటాలు పోయి బంధుత్వానికి, నైపుణ్యానికి ప్రాధాన్యం ఇచ్చారు. ఇక్కడి ఇంజినీర్లు, డాక్టర్లు బయలుదేరింది అప్పుడే. అప్పటికి చేతిలో డిగ్రీ ఉన్నది ఎవరికి? ప్రజల సొమ్ముతో కట్టిన కాలేజీల్లో సీటు ఎవరికి దొరికిందో వాళ్లకు. రాజ్యాంగంలో 1951లో చేర్చిన 15(4) అధికరణం రిజర్వేషన్లకు దారి చేసిన మాట నిజమే. కానీ ఎం.పి.సి. చదివించే కాలేజీ, ఇంగ్లీషు, ఇంటర్ దాకా కూలికి పోకుండా పిల్లను బడిలో ఉంచగల ఇల్లు లేకపోతే రిజర్వుడు సీటు కూడా దూరపు చుట్టమే. మా ఇంటి పెద్దలకు వరంగల్ అంటే కూలి దొరికే ఊరు. పరీక్ష రాయడానికి పోయే ఊరు అయ్యింది మా తరానికే.

నెల్లూరు నుంచి న్యూజెర్సీకి

ఆ దారిన ముందు నడిచిన తెలుగువారిలో ఉపేంద్ర చివుకుల ఒకరు. 1950లో నెల్లూరులో పుట్టారు. మద్రాసులోని గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ చదివి, న్యూయార్క్ సిటీ కాలేజీలో మాస్టర్స్ చేశారు. ఇంజినీరుగా పనిచేస్తూ న్యూజెర్సీలోని ఫ్రాంక్లిన్ టౌన్‌షిప్‌లో స్థిరపడ్డారు. 1997లో అక్కడి కౌన్సిల్‌కు ఎన్నికై, 2000లో మేయరై, 2001 నవంబరు ఎన్నికల్లో రాష్ట్ర అసెంబ్లీకి గెలిచారు. ఆ సభకు ఎన్నికైన మొదటి భారతీయ అమెరికన్ ఆయనే. 2014 దాకా సభ్యుడిగా ఉన్నారు, డిప్యూటీ స్పీకర్‌గా కూడా పనిచేశారు.

ఇక్కడ మన విద్యార్థులు గమనించాల్సింది ఒకటుంది. ఈ ఎక్కుడు మెట్టు మెట్టుగా జరిగింది. న్యూజెర్సీ అసెంబ్లీలో 80 మంది సభ్యులు, నలభై జిల్లాల నుంచి ఇద్దరిద్దరు, రెండేళ్ల పదవీకాలం. ముందు ఊరి కౌన్సిల్, పార్టీ స్థానిక కమిటీ, ఇల్లిల్లూ తిరగడం, చందాలు పోగుచేయడం, ఆ తర్వాతే సభ. పద్మ కుప్ప దారీ ఇట్లాంటిదే. ట్రాయ్ పట్టణంలో స్థిరపడి, అక్కడి ప్లానింగ్ కమిషన్‌లో పనిచేసి, మత సామరస్య వేదికల్లో తిరిగి, ఆ తర్వాత 41వ జిల్లా నుంచి పోటీచేశారు. అప్పటిదాకా రిపబ్లికన్ల చేతిలో ఉన్న సీటది. 2020లో మళ్లీ గెలిచారు. 2022లో రాష్ట్ర సెనేట్‌కు పోటీచేసి ఓడిపోయారు. ఇంత తిరుగుడుకు పదేళ్లో ఇరవయ్యేళ్లో ఒకేచోట నిలదొక్కుకున్న జీవితం కావాలి. ఉద్యోగం పోతే దేశం విడిచిపోవాలన్న భయం ఉన్నవాడు ఇరుగుపొరుగు తలుపు తట్టి ఓటు అడగలేడు. అడిగినా తన ఓటే తనకు ఉండదు.

రెండుసార్లు ఆలస్యం

మేం చెప్పదలుచుకున్న అసలు విషయం ఇదే. దళితులకు ఈ దారిలో ఆలస్యం ఒకసారి కాదు, రెండుసార్లు జరిగింది.

మొదటి ఆలస్యం ఇక్కడిది. 1960లు, 70లలో డిగ్రీ పట్టుకొని విమానం ఎక్కినవాళ్ల పక్కన మన తాతలు లేరు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం 2003లో చేసిన అధ్యయనం ప్రకారం అమెరికాలోని భారతీయ వలసదారుల్లో దళితులు, ఇతర కింది కులాలవారు కలిపితే నూటికి ఒకటిన్నర మంది. మన వాడల్లో ఇంజినీరింగ్ పట్టా కొంచెం మామూలు విషయం అయింది ప్రైవేటు కాలేజీలు పెరిగి, 2000ల చివర్లో ఫీజు రీయింబర్స్‌మెంట్ విస్తరించాకనే.

రెండో ఆలస్యం అక్కడిది. 1990 చట్టం హెచ్-1బి వీసాను తెచ్చింది, ఏడాదికి 65,000 పరిమితితో. కంపెనీలు అడిగితే 2001 నుంచి 2003 వరకు దాన్ని 1,95,000కు పెంచారు. శాశ్వత నివాసపు కార్డుల లెక్క మాత్రం వేరు. ఉద్యోగం మీద ఇచ్చేవి ఏడాదికి సుమారు 1,40,000. అందులో ఏ ఒక్క దేశానికీ ఏడు శాతానికి మించరాదన్న నియమం ఉంది. భారతదేశం నుంచి మనుషులు లక్షల్లో పోతే కార్డులు వేలల్లో వచ్చాయి. క్యూ ఏళ్లు దాటి దశాబ్దాలకు చేరింది. కార్డు వచ్చాక మామూలుగా ఇంకో అయిదేళ్లకు గానీ పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోలేరు.

ఇప్పుడు రెండూ కలిపి చూడండి. ముందు పోయినవాళ్లు క్యూ పొట్టిగా ఉన్నప్పుడు పోయారు, కార్డు తెచ్చుకున్నారు, ఓటరయ్యారు, అభ్యర్థులయ్యారు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో చదివి పోయిన మన పిల్లలు ఆ క్యూ తోకన నిలబడ్డారు. చట్టం అందరికీ ఒక్కటే. ఎవరు ఎప్పుడు వచ్చారన్నదాన్ని నిర్ణయించింది మాత్రం కులం. కాబట్టి ప్రవాసంలో మన ప్రతినిధులు లేకపోవడం తెలివి తక్కువై కాదు, ఉత్సాహం తక్కువై కాదు. వాడలో పోగొట్టుకున్న ఒక తరం కాలం అక్కడి ఓటరు జాబితాలో ఖాళీగా కనబడుతోంది.

మనిషి చేరకపోయినా ప్రశ్న చేరింది

ఇంత మాత్రాన దళితుడి మాట ఆ సభల్లో వినబడలేదనలేం. 2020 జూన్‌లో కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ ఒకటి సిస్కో కంపెనీ మీద దావా వేసింది. దళిత ఇంజినీరు ఒకరిని పై కులాల మేనేజర్లు కులం పేరుతో వివక్షకు గురిచేశారన్నది ఆరోపణ. కంపెనీ ఒప్పుకోలేదు. 2023 ఏప్రిల్‌లో ఇద్దరు మేనేజర్ల మీద ఆరోపణలను ఆ శాఖ విరమించుకుంది, కంపెనీ మీద దావా మాత్రం అప్పుడు ఆపలేదు. తీర్పు మాట పక్కనపెడితే, కులం కంప్యూటర్ గదిలోకి కూడా రాగలదన్న మాట సర్కారు కాగితం మీద ఎక్కింది.

తర్వాత సియాటిల్. క్షమా సావంత్ పుణెలో పుట్టి, బొంబాయిలో కంప్యూటర్ చదివి, కొంతకాలం సాఫ్ట్‌వేర్ ఇంజినీరుగా పనిచేసి అమెరికా వెళ్లిన మహిళ. 2010లో అక్కడి పౌరసత్వం తీసుకున్నారు. 2012లో వాషింగ్టన్ రాష్ట్ర ప్రతినిధుల సభకు సోషలిస్టుగా పోటీచేసి, స్పీకర్‌గా ఉన్న నాయకుడి చేతిలో ఓడిపోయారు. మరుసటి ఏడాది సియాటిల్ నగర కౌన్సిల్‌కు గెలిచారు. 2023 ఫిబ్రవరి 21న ఆమె ప్రతిపాదించిన ఆర్డినెన్సుతో కుల వివక్షను నిషేధించిన మొదటి అమెరికన్ నగరంగా సియాటిల్ నిలిచింది. తాను బ్రాహ్మణ కుటుంబంలో పెరిగానని ఆమే చెప్పుకున్నారు. ఆ చట్టం వెనుక ఉద్యోగం పోతుందని తెలిసి కూడా నోరు విప్పిన దళిత కార్యకర్తల సాక్ష్యాలున్నాయి. చెయ్యెత్తే హక్కు ఉన్నది ఒకరికి, అనుభవం ఉన్నది ఇంకొకరికి. ఇద్దరూ కలిశారు కాబట్టే చట్టమైంది.

అదే ఏడాది కాలిఫోర్నియా సెనేటర్ ఆయిషా వహాబ్ తెచ్చిన ఎస్.బి. 403 బిల్లు రాష్ట్ర చట్టసభ రెండు సభల్లోనూ నెగ్గింది. భారతీయ వలసదారుల్లోనే ఒక వర్గం దాన్ని గట్టిగా ఎదిరించింది, ఇంకో వర్గం నిలబెట్టింది. అక్టోబరు 7న గవర్నర్ న్యూసమ్ వీటో చేశారు. ఉన్న చట్టాలే సరిపోతాయన్నారు. 1923లో పౌరసత్వం కోసం కులాన్ని చూపించారు. వందేళ్లకు, 2023లో, కులం అనే మాటే చట్టంలో ఉండొద్దన్నారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవడం మన చరిత్ర విద్యార్థుల పని.

తిరిగి ధర్మసాగర్‌కు

దూరం పోయి వచ్చిన మనిషి అంటే మనకు ముందు గుర్తొచ్చేది అంబేద్కరే. 1913లో బరోడా సంస్థానం స్కాలర్‌షిప్‌తో న్యూయార్క్ వెళ్లి కొలంబియాలో చదివారు. 1917లో ఆ సంస్థానంలోనే ఉద్యోగానికి వస్తే ఉండటానికి గది దొరకలేదు. పార్సీల సత్రం నుంచి కర్రలు పట్టుకొచ్చి వెళ్లగొట్టారు. అమెరికా డిగ్రీ అంటరానితనాన్ని కడగలేదు. ఆయన ఆ డిగ్రీని 1937లో బొంబాయి శాసనసభలోకి తీసుకుపోయారు. అక్కడ ఖోతీ భూముల మీద బిల్లు పెట్టారు. చదువు తనకు ఇల్లు ఇవ్వనప్పుడు, చదువుతో చట్టం చేయబోయారు.

మా ధర్మసాగర్ మండలం స్టేషన్ ఘన్‌పూర్ ఎస్.సి. రిజర్వుడు నియోజకవర్గంలో ఉంది. పక్కనున్న పాలకుర్తి జనరల్ సీటు. 2023లో అక్కడ అమెరికాలో స్థిరపడ్డ ఝాన్సీ రెడ్డి పోటీ చేయాలనుకుంటే పౌరసత్వం అడ్డొచ్చింది. కోడలు యశస్విని రెడ్డి నిలబడి మంత్రి ఎర్రబెల్లి దయాకర్ రావును ఓడించారు. అమెరికాలో చట్టసభకు పోవాలన్నా, ఇక్కడ పోవాలన్నా ఆ దేశపు పౌరసత్వం కావాల్సిందే. పోయినవాళ్లకు తిరిగొచ్చే దారి కూడా ఉంది, ఇంట్లో ఇంకొకరు ఉంటే. మన ఇళ్లలో ఇప్పటికీ చాలాచోట్ల చదివినవాళ్లు ఒక్కరే. ఆ ఒక్కరు విమానం ఎక్కితే వెనక వాడ ఖాళీ. ఎక్కకపోతే అప్పు తీరదు.

2020 జనవరిలో మడికొండలో ఐ.టి. కంపెనీలు తెరుచుకున్నాయి. మా ఊళ్ల నుంచి అది బస్సు దూరమే. అక్కడ చేరే మన పిల్లలకు మేం చెప్పేది చిన్న మాట. ఉద్యోగం చూసుకోండి, దేశం పోతే పోండి, క్యూలో నిలబడండి. కానీ పోయినచోట సర్టిఫికెట్ మీద కులం దాచుకోవాల్సి వస్తే, అది మీ ఒక్కరి సిగ్గు అనుకోకండి. దాన్ని రాసిపెట్టండి, తోటివాళ్లతో చెప్పండి, సాక్ష్యం చేయండి. సియాటిల్‌లో చట్టం అట్లాగే పుట్టింది. సభలో కుర్చీ మనకు ఆలస్యంగా రావచ్చు. మన మాట దానికంటే ముందే అక్కడికి చేరుతుందని ఇప్పటికే రుజువైంది.