పంపినవాడికో నకలు

కొన్నేళ్ళ క్రితం మా ఊరి తెలుగు సంఘం కార్యదర్శి గారు ఉగాది విందు గురించి ఒకే ఈమెయిలుని మా అందరికీ మూడుసార్లు పంపించారు. మొదటి దాంట్లో పులిహోర ఎవరు తేవాలో ఉంది. రెండో దాంట్లోనూ అదే, మూడో దాంట్లోనూ అదే. "ఏమండీ, పులిహోర మీద అంత పట్టుదలేమిటి?" అని అడిగాను. "వెళ్ళిందో లేదో తెలియలేదండీ. నేనూ గ్రూపులో ఉన్నానా, నాకు మాత్రం రాలేదు" అన్నారు పాపం. ఎవరు పంపిన ఉత్తరం వాళ్ళకి తిరిగి రాకుండా, గ్రూపు పెట్టిన కొత్తలోనే ఎవరో మీట నొక్కి ఉంచారన్నమాట.

తరవాతి సమావేశంలో దీని మీద అరగంట వాదన జరిగింది. "రాసినవాడికి తను రాసిందేమిటో తెలియదా? మళ్ళీ వాడికే పంపడం దండగ" అని ఒక పక్షం. "బంతిలో అందరికీ వేసి నాకు విస్తరి వెయ్యకపోతే ఎలా?" అని రెండో పక్షం. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఇక్కడ వడ్డించేది మనమే, విస్తరి లేనిదీ మనకే! నేను ముందు మొదటి పక్షంలోనే ఉండేవాణ్ణి. ఆ తరవాత మనసు మార్చుకున్నాను. ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

ఈ తగువు కంప్యూటర్లతో మొదలవలేదు. 1611లో ఈస్టిండియా కంపెనీ వాళ్ళు మచిలీపట్నంలో వర్తకస్థానం పెట్టుకున్నారు. అక్కణ్ణుంచి లండనుకి ఉత్తరం చేరడానికి నెలలు పట్టేది. ఓడ మునిగితే ఉత్తరమూ మునిగేది. అందుకని కంపెనీ గుమాస్తాలు ముఖ్యమైన ఉత్తరాన్ని ఒకటికి రెండు ప్రతులు రాసి వేరువేరు ఓడల్లో పంపేవారు. ఒక నకలు పుస్తకంలోకి ఎక్కించి తమ దగ్గర ఉంచుకునేవారు. మద్రాసు దస్త్రాల కార్యాలయం ఇరవయ్యో శతాబ్దంలో ఆ పాత పుస్తకాలని అచ్చు వేసినప్పుడు, సెయింట్ జార్జి కోటకి వచ్చిన ఉత్తరాలు ఒక వరసగా, అక్కణ్ణుంచి వెళ్ళినవి మరో వరసగా వేసింది. ప్రశ్నా జవాబూ రెండూ దొరికేది అందుకే.

చేత్తో నకలు రాయడం చాకిరీ. ఆవిరి యంత్రానికి పేరుపడ్డ జేమ్స్ వాట్ 1780లో ఈ చాకిరీ తప్పించే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. ప్రత్యేకమైన సిరాతో రాసిన ఉత్తరం మీద తడిపిన పల్చటి కాగితం వేసి నొక్కితే అక్షరాలు దాని మీదికి దిగేవి. అవి తిరగబడి ఉంటాయి కనక కాగితాన్ని వెనకవైపు నుంచి చదువుకోవాలి. అమెరికాలో థామస్ జెఫర్సన్ మొదట ఈ యంత్రాన్నే వాడాడు. 1804 నుంచి మాత్రం జంట కలాల యంత్రం పట్టుకున్నాడు. ఒక కలంతో రాస్తూంటే, దానికి తగిలించిన రెండో కలం పక్క కాగితం మీద అదే రాసేది. ఆయన రాసినవి దాదాపు 19 వేల ఉత్తరాలంటారు. వాటి గురించి ఇవాళ మనకి ఇంత తెలుసంటే, తన నకళ్ళు తను దాచుకోవడమే పెద్ద కారణం. 1806లో ఇంగ్లండులో రాల్ఫ్ వెజ్‌వుడ్ కార్బన్ కాగితానికి పేటెంటు తీసుకున్నాడు. టైపు మిషను వచ్చాక ఆ కాగితం ప్రతి ఆఫీసుకీ పాకింది. ఈమెయిల్లో మనం నింపే 'సీసీ' ఆ కార్బన్ కాపీయే.

ఈ నకళ్ళన్నిటికీ ఒక పోలిక ఉంది. ఏవీ బల్ల దాటి వెళ్ళలేదు. 'నేను ఇలా రాశాను' అని సాక్ష్యం చెబుతాయి గాని, 'అది చేరింది' అని చెప్పలేవు. చేరిన సంగతి తెలియడానికి మన తపాలా వాళ్ళ ఏర్పాటు వేరే ఉండేది. రిజిస్టరు ఉత్తరానికి ఎక్‌నాలెడ్జిమెంటు కార్డు జతచేస్తే, అవతలివాళ్ళ సంతకంతో అది మనకి తిరిగొచ్చేది. రాసినదానికి రుజువు వేరు, చేరినదానికి రుజువు వేరు. మా సమావేశంలో అరగంట సేపు మేం కలగాపులగం చేసింది ఈ రెంటినే.

ఇక ఈమెయిలు. 1971లో మసాచుసెట్స్‌లో రే టామ్లిన్‌సన్ పక్కపక్కనే ఉన్న రెండు కంప్యూటర్ల మధ్య, నెట్‌వర్కు మీదుగా మొదటి ఈమెయిలు పంపాడు. ఎవరికనుకున్నారు? తనకి తనే! చేరిందో లేదో చూసుకోవడానికి అంతకంటే దారి లేదు కదా. అందులో ఏం రాశాడో మాత్రం తరవాత ఆయనకే గుర్తులేదు.

గుంపుకి ఒకేసారి పంపే సదుపాయం వచ్చాక లెక్క మారింది. 1970ల చివర బర్కిలీ విశ్వవిద్యాలయంలో తయారైన మెయిల్ ప్రోగ్రాము, గ్రూపు పేరుని విప్పి సభ్యులకి పంపేటప్పుడు పంపినవాణ్ణి జాబితాలోంచి తీసేసేది. తనకీ కావాలనుకున్నవాడు 'మీటూ' అనే మీట నొక్కుకోవాలి. అదే ఊళ్ళో ఎరిక్ ఆల్మన్ రాసిన సెండ్‌మెయిల్‌లోనూ ఇలాంటి మీటే ఉంది. వాళ్ళని తప్పు పట్టలేం. ఆ రోజుల్లో డిస్కులో చోటు బంగారం, లైన్లు నత్తనడక. 1986లో ఫ్రాన్సులో ఎరిక్ థామస్ అనే విద్యార్థి రాసిన లిస్ట్‌సర్వ్ ఇంకో మెట్టెక్కింది. నకలు కావాలా, లేక 'మీ ఉత్తరం పంచాను' అన్న కబురు చాలా అని సభ్యుణ్ణే ఎంచుకోనిచ్చింది. 1990ల చివర్లో వచ్చిన మెయిల్‌మన్ కూడా నకలు కావాలా అని అడుగుతుంది. ఏమీ చెప్పకపోతే కావాలనే అనుకుంటుంది. 2004లో మొదలైన జీమెయిల్ మళ్ళీ వెనక్కి తిరిగింది. పంపినవాటి పెట్టెలో ఒకటి ఉంది కనక, గ్రూపునుంచి తిరిగొచ్చిన నకలుని ఇన్‌బాక్సులో విడిగా చూపించదు.

పెట్టెలో ఉన్నదీ తిరిగొచ్చినదీ ఒకటేనా? తెలుగువాళ్ళం మనకి దీని జవాబు అనుభవమే. ఇంగ్లీషు లిపిలో తెలుగు రాసుకున్నన్నాళ్ళూ బాధ లేదు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చాక, మనవాళ్ళు ఉత్సాహంగా తెలుగు లిపిలోనే ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. దారిలో ఏదో ఒక పాత యంత్రానికి ఆ లిపి మింగుడు పడకపోతే, అవతల తేలేది ప్రశ్నార్థకాల బారు. రాసినవాడి పెట్టెలో మాత్రం ముత్యాల్లాంటి అక్షరాలు! నేనూ ఒకసారి మా గ్రూపుకి రెండు పేజీల వ్యాసం పంపి, ఎవరూ పలకలేదేమా అని నాలుగు రోజులు అలిగాను. వాళ్ళకి అందినవి రెండు పేజీల ప్రశ్నార్థకాలని తరవాత తెలిసింది. గుమ్మం దాటి తిరిగొచ్చిన నకలు ఒకటుంటే మొదటి నిమిషంలోనే తెలిసేది.

రోజుకి పది ఉత్తరాలు రాసేవాళ్ళకి ఇది చెత్తలా కనిపిస్తుంది, నిజమే. వద్దనుకునేవాళ్ళు వద్దనుకోవచ్చు. కాని అడగనివాడికి ఇవ్వడమే మేలని నా అభిప్రాయం. అక్కర్లేని నకలుని చెరిపెయ్యడం తేలిక, రాని నకలుని తెచ్చుకోలేం. ఉమ్మడి భోషాణం ఉందిగా అంటారా? మన తెలుగు గుంపులెన్నో ఒకప్పుడు యాహూ గ్రూప్స్‌లో కాపురం చేశాయి. 2019 అక్టోబరులో వాళ్ళు పాత సరుకంతా తీసేస్తామని చెప్పారు. 2020 డిసెంబరు 15న ఆ సేవే మూసేశారు. తమ నకళ్ళు తమ దగ్గర దాచుకున్నవాళ్ళకే ఆ కబుర్లు మిగిలాయి.

నేను మనసు మార్చుకున్నది దీనివల్ల కూడా కాదు. 1978లో ఈ దేశం వచ్చాను. నెలకి రెండుసార్లు నీలం రంగు ఏరోగ్రాముల మీద నాన్నగారికి రాసేవాణ్ణి. ఆయన జవాబులన్నీ ఒక చెప్పుల పెట్టెలో భద్రంగా ఉన్నాయి. నా ఉత్తరాలని ఆయన వంటింటి పక్క గదిలో తీగకి గుచ్చి ఉంచేవారు. ఆయన పోయాక ఇల్లు ఖాళీ చేసే హడావిడిలో ఆ తీగ ఏమయిందో ఎవరికీ తెలియదు. 1983 నాటి ఒక జవాబులో ఇలా రాశారు: "నువ్వడిగిన దాని గురించి మీ అమ్మతో మాట్లాడాను. నీ ఇష్ట ప్రకారమే కానియ్యి. మాకేం కష్టం లేదు." నేనేం అడిగానో ఎంత ఆలోచించినా గుర్తు రాదు. 'మాకేం కష్టం లేదు' అని ఆయన రాయవలసి వచ్చిందంటే, కష్టమైనదే ఏదో అడిగి ఉంటాను.

మర్నాడే కార్యదర్శి గారికి ఆ మీట ఎక్కడుందో చూపించాను. మరుసటి ఉగాదికి పులిహోర ఉత్తరం ఒక్కసారే వచ్చింది.