స్టడీ అవర్ డ్యూటీ

పీయూసీ పోయి రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చింది 1969-70లో. దానికో బోర్డు ఏర్పడింది 1971లో. అదే ఏడాది నల్లగొండ జిల్లా సర్వేలులో పి.వి. నరసింహారావు ప్రభుత్వం గురుకుల పాఠశాల తెరిచింది. పల్లెటూరి పిల్లలకు మంచి చదువు కావాలంటే ఇల్లొదిలి ఒకచోట ఉండాలన్న ఆలోచన మనవాళ్లలో అప్పటి నుంచి బలపడింది. ఆ ఆలోచనలో తప్పేం లేదు. గురుకులంలో పంతుళ్లు కూడా ఆవరణలోనే కాపురం ఉండేవాళ్లు. పిల్లాడు రెండు పూటలు అన్నం మానేస్తే ఎవరో ఒకరి కంట పడేవాడు.

1986లో ఎంసెట్ వచ్చింది. రాష్ట్రమంతటికీ ఒకటే పరీక్ష, ఒకటే వరుస. అంతవరకూ ఊరి హైస్కూల్లో ఫస్టొచ్చినవాడు ఊరికే మొనగాడు. ఇప్పుడు వాడి పేరు పక్కన అయిదంకెల ర్యాంకు చేరింది. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల రెసిడెన్షియల్ కాలేజీలు లేచాయి. అలాంటి ఒక కాలేజీలో నేను 1991లో తెలుగు లెక్చరర్‌గా చేరాను. మాది ఖమ్మం. జీతంతో పాటు గది ఇస్తామంటే సంబరపడ్డాను. గది ఎందుకిచ్చారో రాత్రి స్టడీ అవర్ డ్యూటీ పడ్డాక తెలిసింది.

పొద్దున అయిదింటికి బెల్లు. రాత్రి పదిన్నర దాకా పుస్తకం ముందు కూచోవాలి. ఆదివారం వీకెండ్ టెస్టు, సోమవారం మెస్ తలుపు పక్కన మార్కుల లిస్టు. కంచం పట్టుకుని లోపలికి వెళ్లే ప్రతివాడూ దాన్ని దాటుకునే వెళ్లాలి. మార్కులు తగ్గితే సెక్షన్ మారేది. సెక్షన్ మారితే స్నేహితులూ మారిపోయేవాళ్లు. దీన్ని ఎవరూ శిక్ష అనేవారు కాదు, ‘షఫ్లింగ్’ అనేవారు. ఔటింగ్ నెలకోసారి. ఇంటికి మాట్లాడాలంటే మెట్ల కింద కాయిన్ బాక్సు, దాని ముందు క్యూ. వెనక పాతికమంది నిలబడి ఉంటే ఏ పిల్లాడు మాత్రం “నాన్నా, నా వల్ల కావట్లేదు” అంటాడు?

పిల్లలు మనసు విప్పింది ఎవరి దగ్గరో చెప్తాను. మాథ్స్ సార్ దగ్గర కాదు, ఫిజిక్స్ సార్ దగ్గర అంతకన్నా కాదు. మెస్సులో వడ్డించే ముసలాయన దగ్గర, పీఈటీ దగ్గర, నా దగ్గర. మా గొప్పతనమేం లేదు. ఎంసెట్‌లో తెలుగు లేదు. నా ముందు ఏడిస్తే ర్యాంకు తగ్గదని వాళ్లకు తెలుసు. కౌన్సెలింగ్ అన్న మాట అప్పట్లో మాకు ఇంజనీరింగ్ సీట్ల పంపకానికే తెలుసు.

తర్వాత ఒక్కొక్కరమే పోయాం. ముందు గ్రౌండులో కొత్త బ్లాకు లేచింది, పీఈటీతో పని లేకుండా పోయింది. ఆ తర్వాత రెండో భాషగా సంస్కృతం వచ్చింది. భాష మీద ప్రేమతో వచ్చిందనుకునేరు, మార్కులు దండిగా పడతాయని వచ్చింది. తెలుగు సెక్షన్లు మూతపడ్డాయి. నాకు గవర్నమెంటు జూనియర్ కాలేజీలో పోస్టు వచ్చి ఖమ్మం వెళ్లిపోయాను కాబట్టి బతికిపోయాను. పరీక్షతో సంబంధం లేని పెద్దవాళ్లను ఏరి బయటికి పంపడం, కార్పొరేట్ కాలేజీ చరిత్రలో ఎవరూ రాయని అధ్యాయం.

మిగిలిన లెక్చరర్ల బతుకూ అంతంతే. వేసవి సెలవులంటే ఊళ్లు పట్టుకు తిరిగి అడ్మిషన్లు తేవడం. టార్గెట్ తప్పితే జీతం ఆగేది. సబ్జెక్టు యావరేజి పడిపోతే మేనేజ్‌మెంట్ ముందు చేతులు కట్టుకోవాలి. పొద్దున తిట్లు తిన్న మనిషి రాత్రి స్టడీ అవర్లో పిల్లాడి మొహం ఏం చూస్తాడు?

ఇలాంటి కాలేజీల్లో పిల్లల ఆత్మహత్యలు పత్రికలకెక్కాక 2001లో ప్రొఫెసర్ నీరదా రెడ్డి కమిటీ వేశారు. సిఫార్సులొచ్చాయి, బెల్లు మాత్రం అయిదింటికే మోగింది. నిజంగా మేలు చేసినవి చిన్న ఏర్పాట్లు. ఆత్మహత్యల నివారణకు చెన్నైలో 1986లో స్నేహ సంస్థను పెట్టిన డాక్టర్ లక్ష్మీ విజయకుమార్, తప్పిన పిల్లలకు వెంటనే మళ్లీ పరీక్ష పెట్టాలని పట్టుబట్టారు. తమిళనాడు ఒప్పుకుంది. మన దగ్గరా ఒకప్పుడు తప్పినవాడు సెప్టెంబరు దాకా తల దించుకు తిరగాల్సి వచ్చేది. ఇప్పుడు ఎండలు తగ్గేలోపే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ అయిపోతోంది. రెండోది చట్టం. ఆత్మహత్యకు ప్రయత్నించి బతికిన పిల్లాడి మీద 309 సెక్షన్ కేసు పెట్టేవాళ్లు. ఆ భయానికి తల్లిదండ్రులు ఆస్పత్రిలో అబద్ధాలు చెప్పేవాళ్లు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29న అమల్లోకొచ్చి, అలాంటి మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడాలంది.

అయినా 2019 ఏప్రిల్ వచ్చింది. తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయి. ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తెలుగులో సున్నా పడిన ఒకమ్మాయికి తిరిగి చూస్తే 99 మార్కులు. ఆ పేపరు దిద్దినావిడకు 5,000 రూపాయల జరిమానా వేశారు. ఆ ఏడు స్పాట్ వాల్యుయేషన్‌కు నేనూ వెళ్లాను. హాల్లో ఉక్క, ముందు కట్టలు, పూటకిన్ని దిద్దాలన్న తొందర. ఆవిడను వెనకేసుకు రాను. కానీ ఒక అంకె మీద పిల్ల బతుకంతా వేలాడేలా కట్టిన ఏర్పాటుకు జరిమానా ఎవరు వేస్తారు?

విశాఖలో నీట్‌కు చదువుతున్న 17 ఏళ్ల అమ్మాయి 2023 జులైలో చనిపోయింది. తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 2025 జులైలో కోర్టు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి పిల్లలున్న చోట అర్హత ఉన్న కౌన్సెలర్ కనీసం ఒకరుండాలి. వీలైనంతవరకు మార్కుల్ని బట్టి బ్యాచీలు విడదీయకూడదు. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లయినా శిక్షణ ఇవ్వాలి. చట్టం వచ్చేదాకా ఇదే చట్టం.

జూన్‌లో పిల్లల్ని చేర్చడానికి వెళ్లినప్పుడు ఫీజు కట్టేముందు అడగండి: కౌన్సెలర్ ఎవరు, ఏ గదిలో కూచుంటారు, ఒకసారి పలకరించవచ్చా అని. ఆ కౌన్సెలర్‌నే అడ్మిషన్లకూ తిప్పుతున్నారేమో కూడా కనుక్కోండి. మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ ఫోన్ సేవ టెలిమానస్, నంబరు 14416. రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. పిల్లల పుస్తకం అట్ట మీద రాయించండి. లెక్చరర్లు కూడా తమ ఫోన్లో దాచుకోండి.