ముద్ద మారింది, ఆదరువు నిలిచింది

తెలుగువాళ్ళ భోజనం గురించి ఎవరు మాట్లాడినా ముందుగా వినిపించేవి రెండు మాటలు: అన్నం, కారం. తెల్లటి అన్నంలో ఎర్రటి పచ్చడి కలిపిన ముద్దే మన తిండికి గుర్తుగా నిలిచిపోయింది. కానీ చరిత్రను దగ్గర పెట్టుకొని చూస్తే ఈ రెండూ మన కంచంలోకి ఆలస్యంగా వచ్చి చేరినవే. మిరపకాయ ఈ నేల మీద అడుగుపెట్టి 500 ఏళ్ళకు మించి కాలేదు. వరన్నం ఇంటింటా రోజూ వండుకునే తిండి కావడం అంతకంటే ఇటీవలి సంగతి. ఈ రెండింటికీ ముందు నుంచీ ఉండి, రెండింటినీ తనలో కలుపుకున్నది ఒకటుంది. అది ఆదరువు. ముద్ద ఏదైనా కానివ్వండి, దానిలోకి ఒక పప్పు, ఒక నూరిన పచ్చడి, ఒక పులుసు, కాస్త ఊరగాయ, చివరికి మజ్జిగ ఉండాలన్న ఏర్పాటే తెలుగు వంటకు వెన్నెముక. గింజ మారింది, ఘాటు మారింది, ఈ ఏర్పాటు మాత్రం మారలేదు. మన ఇంటి వంట చరిత్రను ఈ వైపు నుంచి చదవాలన్నది ఈ వ్యాసం వాదం.

దీనికి సాక్ష్యం మన కావ్యాల్లోనే ఉంది. కాకతీయుల ఓరుగల్లును కళ్ళకు కట్టే ‘క్రీడాభిరామం’ వినుకొండ వల్లభరాయుడి పేరిట ప్రసిద్ధం. అందులో ఒక పూటకూళ్ళ ఇంట్లో ఒక రూకకు దొరికే భోజనం వర్ణన ఉంది. సన్నన్నం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, గడ్డపెరుగు చెప్పి, వాటితో పాటు నాలుగైదు రకాల నంజుళ్ళు కూడా ఉన్నాయంటాడు కవి. ఊరుగాని ఊళ్ళో డబ్బిచ్చి తినే చోట కూడా నాలుగైదు నంజుళ్ళు లేకపోతే అది భోజనం కింద లెక్క కాదన్నమాట. 1509 నుంచి 1529 వరకు ఏలిన శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’లో ఇంకా వివరంగా చెప్పాడు. విష్ణుచిత్తుడు అతిథులకు ఏ కాలంలో ఏం వడ్డించేవాడో అందులో ఉంది. వానాకాలంలో పొట్టు తీసిన పప్పు, పోపు పెట్టిన నాలుగైదు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు. వేసవిలో గోరువెచ్చని అన్నం, చారు, మజ్జిగ పులుసు, పలుచని అంబలి, ఊరవేసిన మామిడి పిందెలు, నీళ్ళమజ్జిగ. చలికాలంలో మిరియాల పొడి చల్లిన వేడి కూరలు, ముక్కుదిబ్బడ వదిలించే ఆవపచ్చళ్ళు, ఊరగాయలు. ఈ మూడు జాబితాలనూ నేటి తెలుగింటి వంటగదిలో పెట్టి చూస్తే పరాయిగా తోచేది దాదాపు ఏదీ లేదు. వాటిలో లేనిది ఒక్కటే, మిరప.

మిరప లేకపోవడంలో వింతేమీ లేదు. అది అమెరికా ఖండాల మొక్క. 1492లో కొలంబస్ ప్రయాణం తర్వాతే అది మిగతా ప్రపంచానికి తెలిసింది. 1498లో కాలికట్ చేరి, 1510లో గోవాను పట్టుకున్న పోర్చుగీసుల ద్వారా పడమటి తీరంలో దిగి, అక్కడి నుంచి మెల్లగా లోనాడుకు పాకింది. 1590 ప్రాంతపు ‘ఐన్-ఇ-అక్బరీ’లో వంటదినుసుల వివరాలు విస్తారంగా ఉన్నా మిరప ఊసు లేదు, మిరియాలు మాత్రం ఉన్నాయి. అందుచేత రాయలు వర్ణించిన ఘాటంతా మిరియాలది, ఆవాలది, అల్లానిది. మిరప వచ్చి కొత్త వంటను సృష్టించలేదు. అప్పటికే సిద్ధంగా ఉన్న పీట మీద కూర్చుంది. ఆ పీట మీద ముందెవరు కూర్చున్నారో చెప్పే గుర్తులు నేటికీ చెరిగిపోలేదు. గోదావరి జిల్లాల్లో పనసపొట్టుకూ అరటికాయకూ ఆవ పెట్టి కూర వండడం ఆ చలికాలపు ఘాటుకు కొనసాగింపే. మామిడికాయ ఊరగాయల్లో పెద్దపీట వేసుకున్న ఆవకాయలో ఎంత మిరపపొడి పోసినా, దాదాపు దానికి సమంగా ఆవపిండి పడి తీరాలి. ఉగాది పచ్చడిలో కారం రుచి కోసం కొన్ని ఇళ్ళలో మిరియాల పొడి వేస్తారు, కొన్ని ఇళ్ళలో పచ్చిమిరపముక్క వేస్తారు. ఒకే రుచికి పాత కాపూ కొత్త కాపూ పక్కపక్కనే కనిపించే చోటు అది. తద్దినం వంట ఇంకా గట్టి సాక్ష్యం. చాలా కుటుంబాల్లో ఆ రోజు మిరపకు, టమాటాకు, బంగాళదుంపకు వంటింట్లోకి ప్రవేశం లేదు, కారమంతా మిరియాలదే. పితృదేవతల పేరు చెప్పి మిరప రాకముందటి తెలుగు వంటను ఏడాదికొకసారి వండుకుంటున్నాం.

అయితే మిరపను ఇలా కేవలం వారసుడిగా చూపడం దాని ప్రభావాన్ని తక్కువ చేయడం కాదా అని ఎవరైనా అడిగితే, ఆ అభ్యంతరంలో బలముంది. మిరియాలు పడమటి కనుమల పంట. ఓడల మీద దేశాలు దాటి పోయే సరుకు, డబ్బు పెట్టి కొనాల్సిన దినుసు. మిరప అలా కాదు. పెరట్లో నాలుగు మొక్కలు వేసుకుంటే ఇంటికి సరిపోతుంది, ఎండబెడితే ఏడాదంతా నిలుస్తుంది, నల్లరేగడిలో చేలకు చేలు పండుతుంది. కొనుక్కోగలిగినవాళ్ళ కంచంలోనే ఉన్న ఘాటును అది కూలివాడి గంజి పక్కకు చేర్చింది. రాయలవారి చలికాలపు ఆవపచ్చడికి వారసురాలైన కారప్పచ్చడి అందరిదీ అయింది. గుంటూరు మిర్చి యార్డు దేశంలోని అతిపెద్ద మిరప విపణుల్లో ఒకటిగా ఎదగడం వెనక ఈ చరిత్ర ఉంది. ఇంత చేసింది కనుకనే మిరపకు మన మధ్య అంత గౌరవం. కానీ అది చేసిన పని ఉన్న ఏర్పాటును కింది దాకా విస్తరించడమే. కంచంలో కొత్త స్థానాన్ని అది సృష్టించలేదు, పాత స్థానాన్ని తొలగించనూ లేదు.

ఇక అన్నం సంగతి. తెలుగు నేలలో అధికభాగం మెట్ట. నవీన శిలాయుగపు దక్కన్ జనావాసాల తవ్వకాల్లో ఉలవలు, పెసలు, చిరుధాన్యాలు బయటపడ్డాయి. అంటే గింజ పక్కన పప్పు ఉండడం వేల ఏళ్ళ నాటి మాట. పల్నాటిలో సన్నన్నం దొరకక జొన్నకూడే గతి అయిందని వాపోయే చాటువులు శ్రీనాథుడి పేరిట ప్రచారంలో ఉన్నాయి. వరి కాలువ కింద పంట. ఇంజనీరు ఆర్థర్ కాటన్ పూనికతో ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక డెల్టాలు వరిచేలయ్యాయి. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలాక మరికొంత మెట్ట మాగాణి అయింది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో బియ్యం రెండు రూపాయలకు ఇవ్వడంతో రాయలసీమ, తెలంగాణ పల్లెల్లోని పేదల ఇళ్ళలో కూడా వరన్నం రోజువారీ తిండిగా స్థిరపడింది. అంతకుముందు అక్కడ జొన్నరొట్టె, రాగిసంకటి, సజ్జలు, కొర్రలు. ముద్ద ఇంతగా మారినా ఆదరువులకు పెద్ద కుదుపేమీ రాలేదు. రాగిసంకటిలోకి నంచుకున్న ఊరిబిండి వరన్నంలోకి వచ్చింది. జొన్నతిండి రోజుల నాటి పచ్చిపులుసు వరన్నంలోనూ కలిసిపోయింది. పుంటికూర పప్పు, ఉలవచారు, గోంగూర పచ్చడి పాత గింజను వదిలి కొత్త గింజను పట్టుకున్నాయి. కొత్త గింజకు మన నోరు త్వరగా అలవాటు పడిందంటే, దాని పక్కన పాత రుచులు తోడుగా ఉండడం వల్లే.

ఈ ఆదరువుకు ఇంత ఓర్పు ఎక్కడిది? అది పుట్టిన తీరులోనే జవాబుంది. మన పచ్చళ్ళూ పులుసులూ ఎక్కువభాగం కొన్న సరుకు మీద ఆధారపడి పుట్టినవి కావు. ఇంటిలో, చేనులో, దొడ్లో మిగిలినదాన్ని వృథా పోనివ్వని పొదుపులోంచి పుట్టాయి. గోగును నార కోసం పండించే చోట దాని పుల్లటి ఆకు కూరయింది. ఎడ్ల కోసం ఉలవలు ఉడకబెడితే గింజ పశువులకు పోయింది, ఆ కట్టు ఇంట్లోవాళ్ళకు చారయింది. బీరకాయ కూరకు పోతే, పొట్టు రోటిలోకి చేరి పచ్చడయింది. గాలికి రాలిన మామిడి పిందె ఊరగాయ అయింది. ఎండలో మిగిలిన కూరగాయ వరుగయింది, పులిసిన మజ్జిగ పులుసయింది. వీటన్నిటినీ ముద్దలోకి పనికొచ్చేలా చేసింది పులుపు, ఉప్పు, పోపు, రోలు. ఊరి పొలిమేరలో చింతచెట్టు, ఇంట్లో ఒక రాతిరోలు ఉంటే చాలు, ఏ ఆకైనా ఏ కాయైనా పచ్చడి కావచ్చు. ఒక పదార్థానికి కట్టుబడకుండా ఒక పద్ధతికి కట్టుబడింది కనుకనే కొత్త పదార్థం ఏది వచ్చినా దానిలో ఇమిడిపోయింది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన వేరుశనగ పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో మద్రాసు ప్రెసిడెన్సీలో వాణిజ్య పంటగా విస్తరించింది. దానితో పల్లీ పచ్చడి, పల్లీ పొడి వచ్చాయి. టమాటా వచ్చి చింతపండు పనిలో సగం పంచుకుంది. అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్ళు అక్కడి పుల్లని క్రాన్‌బెర్రీలతో పప్పు వండుకోవడం, పచ్చడి నూరుకోవడం ఈ వరసలో తాజా అడుగు. మామిడికాయ దొరకని చోట మామిడికాయ చేసే పనిని మరో కాయకు అప్పగించారు.

ఇక్కడ మరో అభ్యంతరం ఎదురవుతుంది. రాజు రాసిన కావ్యం, డబ్బిచ్చి తినే పూటకూళ్ళ ఇల్లు కలిగినవాళ్ళ భోజనాన్నే చెబుతాయి కదా, నాలుగైదు కూరలు, గడ్డపెరుగు అందరికీ ఎక్కడివి? నిజమే. కావ్యాల్లోని విస్తరిని యావత్తు తెలుగు జనానికి ఆపాదించడం తప్పు. కరువు కాటకాల్లో అంబలి తప్ప మరేమీ లేని ఇళ్ళు లెక్కలేనన్ని. అయినా ఆ లేమిలోనూ కనిపించే తీరు అదే. అంబలి పక్కన ఉల్లిపాయ, సంకటి పక్కన ఒక ఊరగాయ ముక్క, చద్దన్నంలో మజ్జిగ, ఉప్పు, మిరపకాయ. ఆదరువుల సంఖ్య తగ్గింది తప్ప, ఒట్టి ముద్దకు పులుపో ఘాటో తోడుండాలన్న నియమం పోలేదు. కలిగిన ఇంట్లో అది పది గిన్నెలుగా కనిపిస్తే, లేని ఇంట్లో ఒక్క గిన్నెలోకి కుదించుకుపోయింది. పైగా రాయలు వేసవి విందులోనే పలుచని అంబలికి చోటిచ్చాడని మరవకూడదు. పైతరగతి విస్తరీ పేదవాడి ముంతా కలిసే చోట్లు ఆ కావ్యంలోనే ఉన్నాయి. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాస్తూ కావ్యాలను జనజీవితానికి ఆకరాలుగా చదివినప్పుడు పట్టుకున్నది ఇలాంటి చోట్లనే. కవి అతిశయోక్తిని పక్కన పెట్టి, అలవోకగా చెప్పిన వస్తువులను నమ్మడం ఆ చదువుకు పునాది.

ఇలాంటి అమరిక ఒక్క తెలుగువాళ్ళదే అనడం కూడా సరికాదు. తమిళుల కుళంబు, రసం, తువయల్, కన్నడిగుల గొజ్జు, సారు మన పులుసుకూ చారుకూ పచ్చడికీ దగ్గరి చుట్టాలే. దక్షిణాది మెట్టనేలలకు ఉమ్మడిగా ఉన్న వారసత్వమిది. తెలుగువాళ్ళు దానికి తెచ్చినది ప్రధానంగా ఒక క్రమం. పచ్చడి, పొడి, ఊరగాయ మన దగ్గర అంచున నంచుకునే వస్తువులుగా ఆగిపోలేదు. వేడన్నంలో నెయ్యో నూనో వేసి పచ్చడితోనో పొడితోనో కలిపిన మొదటి ముద్దలకు భోజనంలో స్వతంత్ర స్థానం ఉంది. ఆ తర్వాత పప్పు, కూర, పులుసు, చారు, పెరుగు. ఘాటుతో మొదలై చలువతో ముగిసే ఈ వరసలో పచ్చడికి దక్కిన మర్యాదే మన ప్రత్యేకత అనుకోవచ్చు.

ఈ చరిత్రను ఇలా చదవడానికి నేటి అవసరం కూడా ఉంది. తెలుగు వంటకు కారమే ప్రాణమని నమ్మినకొద్దీ హోటళ్ళలో, సీసాల్లో అమ్మే ఊరగాయల్లో మిరపపొడి పెరుగుతూ, ఆవఘాటు, మిరియపు వేడి, మజ్జిగ పులుపు, గోగాకు పులుపు, వేపపువ్వు చేదు పక్కకు తప్పుకుంటున్నాయి. మిరప ఒక్కటే మిగిలితే ఆదరువు పద్ధతికున్న బహుముఖ శక్తి తగ్గిపోతుంది. మరోవైపు 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక కొర్రలు, సామలు, రాగులు తిరిగి తినమని ప్రభుత్వాలూ వైద్యులూ చెబుతున్నారు. గింజనూ దానిలోని పోషకాల పట్టికనూ ఇస్తున్నారు కానీ, దానిలోకి ఏం నూరుకోవాలో, ఏ పులుసు కలుపుకోవాలో చెప్పేవాళ్ళు తక్కువ. అందుకే చాలామంది ఆ గింజను మందులా కొన్నాళ్ళు తిని మానేస్తున్నారు. జొన్న పోయి వరి వచ్చినప్పుడు మన పల్లెలు ఆ మార్పును తట్టుకున్నది ఆదరువుల బలంతోనే. ఆ గింజలు తిరిగి రావడానికి దారి కూడా అదే. ఊరిబిండి, పచ్చిపులుసు, పుంటికూర, ఉలవచారు, ఆవ పెట్టిన కూర ఇళ్ళలో వండుతూ, పిల్లలకు నేర్పుతూ ఉన్నంతకాలం ఏ గింజనైనా మనం ఇష్టంగా తినగలం. వాటిని పోగొట్టుకుంటే ఎంత మేలైన గింజ తెచ్చిపెట్టినా అది పరాయి తిండిగానే మిగులుతుంది.