పసిమనసుకు కొలబద్ద: ప్రశ్నావళుల కథ

జ్వరమానిని నాలుక కింద పెడితే ఒంటి వేడి తెలుస్తుంది. మరి మనసులోని దిగులును దేనితో కొలుస్తారు? ఇందుకు మనస్తత్వశాస్త్రజ్ఞులు ప్రశ్నావళులను ఆశ్రయించారు. అయితే ఆ ప్రశ్నావళి సరిగా కొలుస్తున్నదని ఎలా నమ్మాలి? ఈ ప్రశ్నకు గత వందేళ్లలో దొరికిన సమాధానాలను ఈ పాఠంలో తెలుసుకుందాం.

మొదట్లో ఇవి పిల్లల కోసం పుట్టలేదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, మానసికంగా కుంగిపోయే అవకాశం గల సైనికులను ముందే గుర్తించడానికి అమెరికాలో రాబర్ట్ వుడ్‌వర్త్ అవును-కాదు ప్రశ్నల జాబితా తయారుచేశాడు. 1920లలో దానిని పిల్లలకు అనువుగా మార్చారు.

ఏ ప్రశ్నావళికైనా రెండు పరీక్షలున్నాయి. మొదటిది విశ్వసనీయత, రెండవది సప్రమాణత. ఒక తక్కెడ ఎప్పుడు తూచినా వంద గ్రాములు ఎక్కువే చూపిస్తున్నదనుకోండి. దాని తూకంలో నిలకడ ఉంది, నిజం లేదు. అంటే విశ్వసనీయత ఉంది, సప్రమాణత లేదు. విశ్వసనీయతను లెక్కించే 'ఆల్ఫా' గుణకానికి 1951లో లీ క్రాన్‌బాక్ ప్రాచుర్యం కల్పించాడు. పాల్ మీల్‌తో కలిసి 1955లో సప్రమాణత గురించి లోతుగా చర్చించాడు.

ఈ పరీక్షలు పిల్లల విషయంలో ఎలా జరిగాయో చూద్దాం. ఇంగ్లాండు దక్షిణ తీరం దగ్గర వైట్ అనే దీవి ఉంది. 1964-65లో మైకేల్ రట్టర్ బృందం అక్కడి 10, 11 ఏళ్ల పిల్లల గురించి తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు వేర్వేరు ప్రశ్నావళులిచ్చింది. సమస్య ఉన్నట్లు తేలిన పిల్లలను వైద్యులు కలిసి మాట్లాడారు. ఇంట్లో గుర్తించిన పిల్లలు, బడిలో గుర్తించిన పిల్లలు చాలావరకు వేర్వేరుగా ఉన్నారు! ఆ పిల్లలు 14, 15 ఏళ్లవారయ్యాక మళ్లీ మాట్లాడినప్పుడు, పెద్దలెవరూ గమనించని దిగులును ఎందరో చెప్పుకున్నారు.

1987లో థామస్ ఆకెన్‌బాక్ బృందం 119 అధ్యయనాలను క్రోడీకరించింది. పిల్లలు తమ గురించి చెప్పినదానికీ, ఇతరులు వారి గురించి చెప్పినదానికీ మధ్య సగటు సహసంబంధం 0.22 మాత్రమే. పూర్తిగా ఏకీభవిస్తే అది 1 కావాలి. కాబట్టి పిల్లవాడిని అడగకుండా అతని మనసును కొలవలేమని స్పష్టమైంది. 1997లో రాబర్ట్ గుడ్‌మన్ ప్రకటించిన 25 అంశాల ప్రశ్నావళిని తల్లిదండ్రులు, ఉపాధ్యాయులతోపాటు 11 నుంచి 16 ఏళ్ల పిల్లలు స్వయంగా నింపేందుకూ రూపొందించారు. అందులో లోపాలే కాక మంచి లక్షణాలూ ఉన్నాయి.

భాష మరో చిక్కు. దిగులుగా ఉండడాన్ని ఆంగ్లంలో 'నీలంగా ఉండడం' అంటారు. దానిని మక్కికి మక్కి తెలుగు చేసి అడిగితే పిల్లవాడు తన చొక్కా రంగు చెబుతాడు! అందుకే అనువదించిన ప్రశ్నలను మరొకరిచేత తిరిగి మూలభాషలోకి మార్పించి పోల్చి చూస్తారు. ఆపైన స్థానిక పిల్లలతో పరీక్షిస్తారు.

మన దేశంలో 2022లో ఎన్.సి.ఇ.ఆర్.టి. జరిపిన సర్వేలో 6 నుంచి 12 తరగతుల విద్యార్థులు 3,79,842 మంది పాల్గొన్నారు. పేరు రాయడం తప్పనిసరి కాదు. ఎందుకో ఆలోచించండి. ఎవరైనా చూస్తారన్న భయం ఉంటే ఎవరూ నిజం రాయరు కదా!

చివరగా ఒక మాట. ప్రశ్నావళిలో వచ్చే అంకె రోగనిర్ధారణ కాదు. ఈ బిడ్డతో ఒకసారి కూర్చుని మాట్లాడమని పెద్దలకు చేసే సూచన మాత్రమే. రేపు మీ బడిలో అలాంటి కాగితం ఇస్తే మార్కుల కోసం కాదని గుర్తుంచుకుని, మీకు అనిపించిందే రాయండి. దిగులు బరువుగా ఉంటే కాగితం కోసం ఆగకుండా నమ్మకమున్న పెద్దలకు చెప్పండి.