షోలాపురపు నేతపేటలలో ఆంగ్లాభ్యాసము

షోలాపురపు నేతపేటలలో ఇంట తెలుగును, వీధిలో మరాఠీని, అంగడిలో హిందీని, బడిలో ఆంగ్లమును ఒకే బాలుడు పలుకుట వినవచ్చును. ఇన్ని భాషల నడుమ పెరుగు ఈ బాలునకు ఆంగ్లము నేర్పు అభ్యాసములు ఎట్టివి కావలెను? ఇది నేడు క్రొత్తగా పుట్టిన ప్రశ్న కాదు. దీని వేళ్లు ఈ పేటల చరిత్రలోనే కలవు.

1877లో ఈ పట్టణమున మొదటి నూలుమిల్లు వెలసినది. 1876-78 నాటి మహాక్షామము దక్కనును పీడించిన కాలమది. ఆ పిమ్మటి దశాబ్దములలో నైజాము రాజ్యపు తెలంగాణ జిల్లాలనుండి పద్మశాలీ కుటుంబములనేకము మగ్గమును నమ్ముకొని ఇచటికి వలసవచ్చినవి. పురుషులు మిల్లులలోను మగ్గములపైనను, స్త్రీలు పెక్కుమంది బీడీలు చుట్టియు బ్రతుకుతెరువు చూచుకొనిరి. వారి బిడ్డలకై తెలుగు బడులు ఏర్పడినవి. 1956లో రాజ్యాంగమున చేర్చబడిన 350ఎ అధికరణము, అల్పసంఖ్యాక భాషల బిడ్డలకు ప్రాథమికదశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములకు నిర్దేశించినది. 1967లో పుణెయందు నెలకొన్న బాలభారతి సంస్థ పాఠ్యపుస్తకములను ప్రచురించు భాషలలో తెలుగు నొకటి.

2000లో మహారాష్ట్రమున ఆంగ్లము ఒకటవ తరగతినుండియే అన్ని బడులలో ప్రవేశించినది. అంతకుముందు ఐదవ తరగతిలో ఆరంభమగుచుండెడిది. కావున ఓనమాలు చేతికి అలవడకమునుపే బాలునకు రోమను లిపియు ఎదురగుచున్నది. రాష్ట్రమంతటికిని వ్రాయబడిన పుస్తకము ఒక వీధి పిల్లల తప్పులను ఎరుగజాలదు.

ఆ తప్పులు యాదృచ్ఛికములు కావు. తెలుగు మాట సాధారణముగా అచ్చుతో ముగియును. అందుచే ‘బుక్’ బుక్కగును, ‘లూమ్’ లూమగును. గుంటూరు బాలునకు దీనికై చాల సాధన కావలెను. షోలాపురపు బాలుడో, ‘ఘర్’, ‘హాత్’ అను మరాఠీ మాటలను హల్లుతో ముగించుట వీధిలోనే నేర్చియున్నాడు. ఆ సంగతి గుర్తుచేసిన చాలును. ‘మనము’, ‘మేము’ అను భేదము మరాఠీలోను ‘ఆపణ్’, ‘ఆమ్హీ’ అని కలదు. ఆంగ్లమున రెంటికిని ‘వుయ్’ ఒక్కటే. ‘ఎ’, ‘ది’ అను ఉపపదములకు సమానమైనవి ఈ రెండు భాషలలోను లేవు. అచట అభ్యాసము మిక్కిలిగా కావలెను. ఒకే తెలుగు మాటలాడు బిడ్డలకైనను ఊరు మారినచో అభ్యాసము మారవలెననుటకు ఇంతకంటె నిదర్శనమేల?

1958లో హైదరాబాదున కేంద్రీయ ఆంగ్ల సంస్థ నెలకొన్నది. ఆ యేటనే అమెరికాలో స్కిన్నరు అను మనస్తత్వశాస్త్రజ్ఞుడు బోధనయంత్రములనుగూర్చి వ్యాసము ప్రకటించెను. ఆ యంత్రముతో బాలుడు తన వేగముననే ముందుకు సాగవచ్చును. అయినను ప్రశ్నలన్నియు ముందే కూర్చబడినవి. బిడ్డ యెవరో యంత్రమునకు తెలియదు.

బిడ్డ నెరిగి పాఠము కూర్చిన ఉపాధ్యాయుడు షోలాపురము జిల్లాలోనే ఉండెను. మాఢా తాలూకా పరితేవాడి బడిలో రంజిత్‌సిన్హ్ డిసలే, పిల్లల ఇంటిభాష కన్నడమని గ్రహించి, పాఠ్యపుస్తకములను ఆ భాషలోనికి మార్చి, క్యూఆర్ కోడ్‌లద్వారా పాటలను, కథలను, అభ్యాసములను అందుబాటులోనికి తెచ్చెను. 2020 డిసెంబరులో ఆయనకు పది లక్షల డాలర్ల ప్రపంచ ఉపాధ్యాయ పురస్కారము లభించినది; అందు సగమును తుదిపోటీదారులైన తక్కిన తొమ్మండుగురికి పంచియిచ్చెను. ఆయన విజయమునకు మూలము యంత్రము కాదు, బిడ్డల ఇంటిభాషయందలి గౌరవము.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన పిమ్మట కృత్రిమ మేధ సామాన్య ఉపాధ్యాయుని చేతికిని అందినది. అపారమైన వ్రాతలనుండి మాటల పొందికను గ్రహించి, అడిగిన తీరున క్రొత్త వాక్యములు కూర్చుట దాని పని. తరగతి స్థాయిని, పిల్లల తప్పుల పట్టికను, మగ్గము, నాడె, కండె, దుప్పటి, బీడీ వంటి పేటమాటలను ఇచ్చి, ‘ఇన్’, ‘ఆన్’, ‘అండర్’ అను మాటలపై పది ఖాళీలు పూరించు ప్రశ్నలు కోరినచో నిమిషములో అందించును. గడియలు పట్టు పని తేలికయగును.

అయినను జాగ్రత్త అవసరము. యంత్రము తప్పును సైతము తడబాటులేక చెప్పును. రెండు సమాధానములు పొసగు ఖాళీని ఒకటే పొసగునట్లు అడుగును. అది చదివిన వ్రాతలలో తెలుగు పాలు స్వల్పము. మరాఠీ కలిసిన షోలాపురపు తెలుగు మరియు స్వల్పము. కాన ప్రతి ప్రశ్నను ఉపాధ్యాయుడు చదివి దిద్దవలెను. పిల్లల పేర్లను, ఇంటి వివరములను యంత్రమునకు ఇవ్వరాదు.

ఆంగ్లముపై మక్కువతో తల్లిదండ్రులనేకులు తెలుగు బడిని విడుచుచున్న దినములివి. తెలుగు బడిలోనే ఆంగ్లము చక్కగా అలవడునని చూపగలిగినచో ఆ బడి నిలుచును. యంత్రము కూర్చిన అభ్యాసమున తెలుగునకు చోటు లేనిచో, తన మాతృభాష చదువునకు అడ్డమని బాలుడు తలచును. ఆ తలపు ఒకసారి నాటుకొనినచో పెరుకుట కష్టము. పడుగు చెడినచో ఎంత వేగపు మరమగ్గమైనను మంచి బట్టను నేయజాలదని ఈ పేటలవారికి వేరుగా చెప్పనక్కరలేదు. షోలాపురపు బిడ్డల చదువునకు పడుగు తెలుగే.