ఉప్పుటేరు మీద లేచిన విశాఖ

విశాఖపట్నం పేరు చెప్పగానే మనలో చాలామందికి రామకృష్ణా బీచి, డాల్ఫిన్స్ నోస్ కళ్ళముందు మెదులుతాయి. ఆ కొండ పక్కనుంచి ఓడలు లోపలికి వెళ్ళే చోట ఒకప్పుడు ఉప్పుటేరు ఉండేదన్న సంగతి మాత్రం ఎక్కువమందికి తెలియదు.

మేఘాద్రిగెడ్డ తెచ్చే మంచినీరు, పోటుకు ఎదురెక్కే సముద్రపు నీరు కలిసే ఆ నేలను మనవైపు బీల అంటారు. బురద, మడ చెట్లు, దోమలు. ఏ ఇంజనీరు చూసినా పనికిరాని భూమే. కాని సముద్రంలో పుట్టిన రొయ్య పిల్లలు, బొంత చేప పిల్లలు ఆ బురదనీటిలోనే తిని, మడ వేళ్ళ చాటున దాక్కుని, ఎదిగాక సముద్రానికి తిరిగి వెళతాయి. అమ్మమ్మగారింట పెరిగిన పిల్లల్లాగన్నమాట!

కలకత్తా, మద్రాసుల మధ్య మంచి రేవు కావాలి, మధ్య పరగణాల మాంగనీసు ఓడకెక్కాలి. అందుకని బీలను లోతుగా తవ్వి, తవ్విన మట్టితో పల్లపు నేలలు పూడ్చారు. రాళ్ళు నింపిన పాత ఓడలు రెండింటిని ముంచి అలలకు అడ్డు కట్టారు. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' ఓడ లోపలికి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ రేవును ప్రారంభించాడు. ఇది గొప్ప విజయమే, కాదనలేం. మనలో ఎందరి నాన్నలకో, తాతలకో అన్నం పెట్టిన రేవు అది.

తర్వాత 1957లో చమురు శుద్ధి కర్మాగారం, 1967లో ఎరువుల ఫ్యాక్టరీ, 1970లలో జింకు. 1951లో లక్ష దాటిన జనాభా 2011 నాటికి పదిహేడు లక్షలు దాటింది. ఊరి మురుగులో చాలాభాగం గెడ్డల వెంట రేవులోకే చేరింది. మురుగులోని నత్రజని, భాస్వరం నీటిలోని నాచుకు ఎరువులవుతాయి. అది విపరీతంగా పెరిగి, చచ్చి, కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువును లాగేస్తుంది. చేపలు ఊపిరాడక తేలిపోతాయి. సముద్రానికున్న దారి ఇరుకు, పోటుపాట్ల తేడా కూడా తక్కువ కావడంతో చెడ్డనీరు త్వరగా బయటికి పోదు.

ఇసుక సంగతి ఇంకోటి. మన తీరాన ఏడాదిలో ఎక్కువ నెలలు అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నడిపిస్తాయి. 1976లో వచ్చిన ఔటర్ హార్బరు గోడల దగ్గర ఆ నడక ఆగిపోతుంది. ఉత్తరాన ఉన్న బీచికి రావలసిన ఇసుక రాక, ఒడ్డు కోసుకుపోతుంది. అందుకే డ్రెడ్జరుతో తోడిన ఇసుకను పంపులతో బీచి మీద పోస్తూ వచ్చారు. చిన్నప్పుడు మనం కట్టిన ఇసుక గుళ్ళలో ఆ ఇసుక ఎంతో!

ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు పిల్లల్ని రాస్ కొండ ఎక్కించండి. సముద్రం వైపు ఎలాగూ చూస్తారు. పడమటికి కూడా చూపించండి. చమురు ట్యాంకులు, క్రేన్లు దాటాక, మేఘాద్రిగెడ్డ వైపు నాలుగు మడ చెట్లు ఇంకా ఉన్నాయి.