గై: కుట్రదారు పేరు నుంచి పలకరింపు దాకా

ఇంగ్లీషు వాడుక భాషలో ‘గై’ అంటే మగమనిషి. నిజానికి ఇది ఒక వ్యక్తి పేరు. ఇంగ్లండు రాజు మొదటి జేమ్స్‌ను పార్లమెంటుతో సహా పేల్చేయాలని కొందరు కాథలిక్కులు కుట్ర పన్నారు. 1605 నవంబరు 5న ప్రభువుల సభ కింది నేలమాళిగలో 36 పీపాల తుపాకిమందుతో దొరికిపోయినవాడు గై ఫాక్స్. కుట్రకు నాయకుడు రాబర్ట్ కేట్స్‌బీ అయినా, జనం నోట నిలిచింది ఫాక్స్ పేరే.

కుట్ర భగ్నమైనందుకు గుర్తుగా ఇంగ్లండులో అప్పటినుంచి ఏటా నవంబరు 5న మంటలు వేస్తారు. పాతబట్టల్లో గడ్డి కుక్కి చేసిన బొమ్మను పిల్లలు వీధుల్లో తిప్పి, ‘గై కోసం ఒక పెన్నీ’ అని అడిగి, ఆనక మంటల్లో వేసేవారు. ఆ బొమ్మ పేరూ ‘గై’యే. 19వ శతాబ్దంలో వికారంగా ముస్తాబైన మనిషినీ ‘గై’ అని ఎగతాళి చేశారు. మాట అమెరికా చేరాక ఎగతాళి పోయింది, మామూలు మనిషి మిగిలాడు.

‘గై’ చేరిన జంటమాటలూ ఉన్నాయి. ‘ఫాల్ గై’ అంటే ఇతరుల తప్పు నెత్తిన పడ్డవాడు. ‘వైజ్ గై’లో మెచ్చుకోలు లేదు, వెటకారమే ఉంది.

బహువచనం ‘గైస్’ తీరు వేరు. ఇంగ్లీషు ‘యూ’లో ఒకరో పలువురో తెలియదు. ఆ లోటును ‘యూ గైస్’ చక్కగా తీర్చింది, ఆడవాళ్లనూ కలుపుకుంది. ఇది పురుషవాచకమేనని అభ్యంతరపెట్టేవారూ ఉన్నారు. తెలుగు యూట్యూబర్ల ‘హాయ్ గైస్’ ఈ వాడుకే. ఏకవచనంలో మాత్రం ‘గై’ నేటికీ మగవాడే. ఉద్యోగ దరఖాస్తుల్లో, అధికారిక లేఖల్లో ఈ మాట వాడకూడదు.